హాస్కెల్ వెబ్ హ్యాండ్లర్: కాంటా రెండుసార్లు ఎక్కడం, తెలుగు పేర్లు చెడిపోవడం, జవాబు మధ్యలో తెగిపోవడం

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. దేవరకొండ వైపు ఒక రైతు సంఘం వడ్ల కొనుగోలు కేంద్రాల కోసం మీరు సర్వర్ రాస్తున్నారు. కల్లం దగ్గర కాంటా కాగానే రైతు నంబరు, సంచుల లెక్క, తూకం, తేమ శాతం ఫోన్ నుంచి సర్వర్‌కు వస్తాయి. భాష హాస్కెల్, వెబ్ సర్వర్ లైబ్రరీ వార్ప్, ఫ్రేమ్‌వర్క్ ఏదీ లేదు, నేరుగా డబ్ల్యూఏఐ ('వై' అని పలుకుతారు, సర్వర్‌కూ మన కోడ్‌కూ మధ్య ఒప్పందం లాంటి లైబ్రరీ) మీదే హ్యాండ్లర్లు, అంటే అభ్యర్థనకు జవాబిచ్చే ఫంక్షన్లు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. మీ ఫిర్యాదులు మూడు: ఒకే కాంటా రెండుసార్లు నమోదవుతోంది, తెలుగు పేర్లు కొన్ని చోట్ల చెత్త అక్షరాలుగా వస్తున్నాయి, పెద్ద జాబితా అడిగినప్పుడు 200 (అంతా బాగుందనే స్టేటస్ కోడ్) వచ్చాక కూడా జవాబు సగంలో తెగుతోంది. కోడ్ కూడా పెట్టారు, అందులో హ్యాండ్లర్ మొత్తం ఒకే పొడవాటి డూ బ్లాక్ (వరుసగా జరిగే పనుల ముక్క). ముందు దాన్ని విడదీద్దాం. మూడింటిలో రెండు జబ్బులు ఎక్కడున్నాయో అప్పుడు కంటికి కనబడతాయి.

హ్యాండ్లర్ టైపు ఇదీ:

రిక్వెస్ట్ → (రెస్పాన్స్ → ఐఓ రెస్పాన్స్‌రిసీవ్డ్) → ఐఓ రెస్పాన్స్‌రిసీవ్డ్

2014లో వచ్చిన డబ్ల్యూఏఐ 3.0 నుంచి ఈ రూపం. అంతకుముందు హ్యాండ్లర్ రెస్పాన్స్‌ను నేరుగా తిరిగి ఇచ్చేది. ఇప్పుడు రెస్పాండ్ అనే ఫంక్షన్ చేతికి వస్తుంది, జవాబును దానికి అప్పజెప్పాలి. దీని లాభం ఏమిటంటే, ఫైలో కనెక్షనో తెరిచి, జవాబు పూర్తిగా వెళ్లాక మూసేసే పనిని బ్రాకెట్‌లో భద్రంగా రాయొచ్చు. షరతు ఏమిటంటే రెస్పాండ్‌ను కచ్చితంగా ఒక్కసారే పిలవాలి. రెస్పాన్స్‌రిసీవ్డ్ విలువను మీరు సొంతంగా తయారు చేయలేరు కాబట్టి, పిలవకుండా ఊరుకోవడాన్ని టైపు ఆపుతుంది. రెండుసార్లు పిలవడాన్ని మాత్రం ఆపదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మూడో ఫిర్యాదు దగ్గర దీనితో పని ఉంది.

హ్యాండ్లర్‌ను మూడు ముక్కలు చేయండి. మొదటిది బైట్లను చదివి కాంటా అనే రికార్డుగా మార్చేది, లేదా తప్పేమిటో చెప్పేది. చివరిది నిర్ణయాన్ని రెస్పాన్స్‌గా మార్చేది. మధ్యలో ఉన్నదే అసలు పని, దానికి ఐఓ (డేటాబేస్, గడియారం లాంటి బయటి ప్రపంచంతో పని) అంటగూడదు:

నిర్ణయించు : నియమాలు → సమయం → రైతు → కాంటా → నిర్ణయం

నియమాలు, సమయం రెండూ ఆర్గ్యుమెంట్లుగానే రావాలి. ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు 2320 రూపాయలు, 2025-26లో 2389. సాధారణ రకానికి 2300, 2369. ఏటా మారే అంకెను కోడ్‌లో రాస్తే, పాత యాసంగి బిల్లును మళ్లీ తీసిన రోజు కొత్త ధర పడుతుంది. నియమాలను టేబుల్ నుంచి తెచ్చి ఫంక్షన్‌కు అందిస్తే ఆ గొడవ లేదు. సమయం కూడా అంతే. గెట్ కరెంట్ టైమ్‌ను హ్యాండ్లర్ అంచున ఒక్కసారి పిలిచి లోపలికి పంపండి. అది యూటీసీలో వస్తుంది, మనకు 5 గంటల 30 నిమిషాలు వెనక. సీజన్‌లో రాత్రిళ్లు కూడా కాంటాలు నడుస్తాయి. తెల్లవారుజామున 2 గంటలకు తూచిన వడ్లు యూటీసీ లెక్కలో నిన్నటి తేదీకి పోతాయి. డేటాబేస్‌లో యూటీసీనే ఉంచండి, రోజు వారీ మొత్తాలు తీసేటప్పుడు మాత్రం మన సమయానికి మార్చి తేదీ తీయండి.

నిర్ణయం అనేది సమ్ టైపు (కొన్ని రకాల్లో ఏదో ఒకటే అయ్యే విలువ) కావాలి: కొన్నాం, ఆరబెట్టాలి, కేంద్రం మూసి ఉంది, పొలం లెక్కకు మించింది, ఇలా. ఎక్సెప్షన్లుగా (మధ్యలో విసిరే ఎర్రర్లుగా) వద్దు. తేమ 17 శాతం దాటిన వడ్లు ఆరబెట్టాల్సిందే, కానీ అది ఫోన్ చేసిన తప్పు కాదు, కాంటా దగ్గర కూర్చున్నవాళ్ల తప్పూ కాదు. దానికి 400 కోడ్ (అభ్యర్థనే తప్పు అని) ఇచ్చే అలవాటు చాలామందికి ఉంది. నా అభిప్రాయంలో సరైన వివరాలు వచ్చి, మీరు చూసి ఒక మాట చెప్పారంటే అది విజయవంతమైన జవాబే. 200 ఇచ్చి, లోపల ఫలితం 'ఆరబెట్టాలి' అని పంపండి. జేసన్ (ఫోన్ వివరాలు పంపే టెక్స్ట్ రూపం) చదవడానికే రాకపోతే 400. జేసన్ బాగానే ఉండి సంచులు మైనస్ 3 అని వస్తే 422. కొత్త నమోదు అయితే 201. దారి ఉంది కానీ మెథడ్ తప్పైతే 405, దానితోపాటు అలౌ హెడర్ తప్పనిసరి. డేటాబేస్ అందకపోతే 503. ఫోన్ యాప్ రాసేవారికి ఇది ఎందుకు ముఖ్యమంటే, 503 చూస్తే మళ్లీ ప్రయత్నించాలి, 422 చూస్తే ప్రయత్నించకూడదు. అన్నింటికీ 500 (సర్వర్ లోపం) ఇస్తే యాప్ గుడ్డిగా పంపుతూనే ఉంటుంది.

తూకానికి, తేమకు డబుల్ (దశాంశ సంఖ్యలను ఇంచుమించుగా దాచే టైపు) వాడొద్దు. 0.1కి బైనరీలో కచ్చితమైన రూపం లేదు, సరిగ్గా 17.0 దగ్గర పోలిక తేడా కొట్టే అవకాశం మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. తేమను పదో వంతుల్లో పూర్ణాంకంగా, అంటే 17.0ని 170గా, తూకాన్ని గ్రాముల్లో పెట్టండి. రెండింటికీ వేర్వేరు కొత్త టైపులు, అంటే న్యూటైప్‌లు ఇస్తే ఒకదాని చోట ఇంకొకటి పంపడం కంపైల్ దశలోనే ఆగిపోతుంది. ఇక్కడే ఒక ప్రమాదం: జేసన్ చదివే ఏసన్ లైబ్రరీ అంకెలను సైంటిఫిక్ అనే టైపులో చదువుతుంది. ఎవరైనా 1ఈ1000000000 (1 పక్కన వంద కోట్ల సున్నాలు) అని పంపితే చదవడం వరకు ఇబ్బంది లేదు, దాన్ని నేరుగా ఇంటిజర్‌గా మార్చబోతే మెమరీ మొత్తం మింగేస్తుంది. టు బౌండెడ్ ఇంటిజర్ వాడండి, హద్దు దాటితే నథింగ్ (విలువ లేదు అని) వస్తుంది. యూఆర్ఎల్‌లో వచ్చే నంబర్లకూ ఇదే జాగ్రత్త. టెక్స్ట్ లైబ్రరీలోని డెసిమల్ ఫంక్షన్ ఇంట్ హద్దు దాటితే చప్పుడు చేయకుండా చుట్టు తిరిగి వేరే అంకె ఇస్తుంది, రైతు నంబరు మారిపోతుంది.

రూటింగ్‌కు, అంటే ఏ దారికి ఏ హ్యాండ్లరో తేల్చడానికి, లైబ్రరీ అక్కర్లేదు. మెథడ్‌ను, పాత్ఇన్ఫో జాబితాను (యూఆర్ఎల్ దారిలోని ముక్కలు) కలిపి ప్యాటర్న్ మ్యాచ్ చేస్తే 10, 15 దారుల వరకు హాయిగా నడుస్తుంది. చివర స్లాష్ ఉంటే జాబితా చివర ఖాళీ టెక్స్ట్ ఒకటి వస్తుంది, అదొక్కటి చూసుకోండి. సర్వెంట్ అనే వెబ్ లైబ్రరీ గురించి కూడా అడిగారు. మంచిదే, కానీ దాని టైపు ఎర్రర్లతో ఇప్పుడే కుస్తీ పట్టొద్దు. మధ్య ఫంక్షన్ ఐఓ లేకుండా ఉంటే తర్వాత మారడానికి పెద్ద పని ఉండదు.

ఇక రెండుసార్లు ఎక్కే కాంటా. దీనికి ప్యూర్ ఫంక్షన్లు (ఐఓ లేనివి), టైపులు ఏమీ చేయలేవు, అది ముందే చెప్పాలి. చందంపేట వైపో, నల్లమల అంచున అమ్రాబాద్ వైపో సిగ్నల్ వచ్చిపోతుంటుంది. ఫోన్ పంపింది, సర్వర్ డేటాబేస్‌లో రాసింది, జవాబు తిరిగి వెళ్లేలోపు లైన్ పోయింది. ఫోన్ వైపు నుంచి చూస్తే, అభ్యర్థన అసలు చేరకపోవడానికీ, చేరి జవాబు పోవడానికీ తేడా తెలియదు. అది మళ్లీ పంపుతుంది, పంపడమే సరైన పని కూడా. కాబట్టి ఆపాల్సింది ఫోన్‌ను కాదు.

సేవ్ నొక్కిన క్షణంలోనే ఫోన్ ఒక యూయూఐడీ (మళ్లీ ఇంకెక్కడా రాని గుర్తింపు కీ) తయారు చేసి కాంటాతో పాటు తన దగ్గర దాచుకోవాలి. ఎన్నిసార్లు పంపినా అదే కీ ఒక హెడర్‌లో రావాలి. పంపేటప్పుడల్లా కొత్త యూయూఐడీ తయారు చేస్తే దండగ, ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. సర్వర్‌లో ఆ కీ నిలువు వరుసకు యునీక్ పరిమితి (ఒకే విలువ రెండుసార్లు రాకుండా) పెట్టండి. 'ముందు ఉందా అని చూసి, లేకపోతే చేర్చు' అనే మీ ప్రస్తుత కోడ్ పనికిరాదు. రెండు అభ్యర్థనలు ఒకేసారి వస్తే రెండూ 'లేదు' అనే చూస్తాయి, రెండూ చేరుస్తాయి. చూడకుండా నేరుగా ఇన్సర్ట్ చేయండి, చివర 'ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ రిటర్నింగ్ ఐడీ' (కీ ముందే ఉంటే ఏమీ చేయకు, చేరిస్తే ఐడీ ఇవ్వు) పెట్టండి. వరుస తిరిగొస్తే కొత్తది, 201. ఏమీ రాకపోతే పాతది ఉన్నట్టే. ఇంకో సెలెక్ట్‌తో ఆ పాత వరుస తీసి, మొదటిసారి ఇచ్చిన జవాబే మళ్లీ ఇవ్వండి. 409 (ఢీకొంది అనే ఎర్రర్) ఇచ్చి ఫోన్‌ను భయపెట్టొద్దు, కేంద్రంలో ఉన్న మనిషి 'ఎర్రర్ వచ్చింది' అని కొత్త కాంటాగా మళ్లీ కొడతాడు.

పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షన్లను (అన్నీ జరిగితేనే నిలిచే పనుల కట్టలను) వేరుగా ఉంచే మామూలు స్థాయిలో, అంటే రీడ్ కమిటెడ్‌లో, ఒకే కీతో రెండు ట్రాన్సాక్షన్లు ఢీకొంటే రెండోది మొదటిది ముగిసేదాకా ఆగుతుంది, ఆ తర్వాతి సెలెక్ట్‌కు వరుస కనిపిస్తుంది. రిపీటబుల్ రీడ్‌కు మార్చి ఉంటే ఈ లెక్క నడవదు, సీరియలైజేషన్ ఎర్రర్ వస్తుంది. కాంటా వరుస, రైతు మొత్తంలో కూడిక, రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. కీతో పాటు బాడీ హ్యాష్ (అందులోని బైట్ల నుంచి లెక్కించిన చిన్న ముద్ర) కూడా దాచండి. అదే కీతో వేరే తూకం వస్తే అది యాప్ లోపం, 422 ఇచ్చి లాగ్‌లో రాయండి. టోకెన్ నంబర్లను మెమరీలో ఉండే ఐఓరెఫ్‌లో పెట్టి పెంచుతున్నారు, అది తీసేయండి. సర్వర్ మళ్లీ లేస్తే 1 నుంచి మొదలవుతుంది. పైగా స్ట్రిక్ట్ కాని మాడిఫై ఐఓరెఫ్ లెక్కించని థంక్‌లను పేర్చుకుంటూ పోతుంది. డేటాబేస్ సీక్వెన్స్ వాడండి. రోల్‌బ్యాక్ అయినప్పుడు మధ్యలో నంబర్లు పోతాయి, టోకెన్లకు అది నష్టమేమీ కాదు.

జవాబు తెగిపోవడానికి వస్తే, మీ కోడ్‌లో హ్యాండ్లర్ మొత్తాన్ని క్యాచ్‌తో చుట్టి, ఎక్సెప్షన్ వస్తే 500తో రెస్పాండ్ పిలిచారు. చూడటానికి బాగుంది. కానీ హాస్కెల్‌లో జేసన్ ఎన్‌కోడ్ చేసిన విలువ రెస్పాండ్‌కు ఇచ్చేసరికి ఇంకా లెక్కించి ఉండదు. వార్ప్ దాన్ని పంపుతూ పంపుతూ లెక్కిస్తుంది. 300 మంది రైతుల జాబితాలో 280వ వరుసలో సున్నాతో భాగహారమో, ఖాళీ జాబితా మీద హెడ్డో ఉంటే, అప్పటికి 200, హెడర్లు, సగం బాడీ వెళ్లిపోయి ఉంటాయి. అప్పుడు మీ క్యాచ్ మేల్కొని రెస్పాండ్‌ను రెండోసారి పిలుస్తుంది. అక్కడినుంచి ఏం జరిగినా ఫోన్‌కు దక్కేది తెగిన జవాబే.

సరిచేసే క్రమం ఇదీ. జవాబును తయారు చేసే భాగాన్ని మాత్రమే ట్రైలో (ఎక్సెప్షన్‌ను పట్టి మామూలు విలువగా ఇచ్చే ఫంక్షన్‌లో) పెట్టండి. దాని లోపలే ఫోర్స్, ఎవాల్యుయేట్ రెండూ కలిపి బాడీని చివరి బైటు దాకా లెక్కించండి. లెఫ్ట్ (ఎర్రర్) వస్తే 500 రెస్పాన్స్ ఎంచుకోండి, రైట్ (ఫలితం) వస్తే అసలుది. రెస్పాండ్ పిలుపు ట్రై బయట, ఒక్కచోట, ఒక్కసారి. కొన్ని వందల వరుసల జాబితా మెమరీలో పూర్తిగా ఉండటం సమస్య కాదు. సీజన్ మొత్తం డేటాను దింపుకునే దారి ఉంటే దానికి మాత్రం రెస్పాన్స్ స్ట్రీమ్ (ముక్కలుగా పంపే జవాబు) వాడండి, అక్కడ మధ్యలో తెగే అవకాశాన్ని ఒప్పుకోవాల్సిందే.

పట్టుకునేది అన్ని రకాల ఎక్సెప్షన్లనూ కలిపే సమ్‌ఎక్సెప్షన్ అయితే ఇంకో తిప్పలు. వార్ప్ నెమ్మది కనెక్షన్లను తెంచడానికి ఆ థ్రెడ్‌లోకి అసింక్ ఎక్సెప్షన్ (బయటి నుంచి ఎప్పుడైనా వచ్చిపడేది) విసురుతుంది. దాని డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. మీరు అన్నింటినీ పట్టి మింగేస్తే ఆ తెంపే పనికి అడ్డుపడతారు. సేఫ్ ఎక్సెప్షన్స్‌లో గానీ అన్‌లిఫ్ట్ఐఓలో గానీ ఉన్న ట్రైఎనీ వాడండి, అసింక్ వాటిని అది ముట్టుకోదు. అలాగే ఈ 30 సెకన్లు మీ హ్యాండ్లర్ లెక్కలకు వర్తించవు, హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపు వార్ప్ ఆ గడియారాన్ని ఆపి ఉంచుతుంది. మీ గడువు మీరే పెట్టుకోవాలి. టైమౌట్ ఫంక్షన్ మైక్రోసెకన్లు తీసుకుంటుంది: 5 సెకన్లంటే 5000000. 5000 అని రాస్తే 5 మిల్లీసెకన్లు, ప్రతి అభ్యర్థనా ఓడిపోతుంది. పోస్ట్‌గ్రెస్ వైపు స్టేట్‌మెంట్ టైమౌట్ కూడా పెట్టండి.

మీరు చెప్పని ఇంకొకటి మీ కోడ్‌లో ఉంది. విత్ రిసోర్స్‌తో పూల్ (ముందే తెరిచి పెట్టుకున్న డేటాబేస్ కనెక్షన్ల గుంపు) నుంచి కనెక్షన్ తీసుకుని, ఆ బ్లాక్ లోపలే రెస్పాండ్ పిలుస్తున్నారు. రెస్పాండ్ ముగిసేది జవాబు పంపడం అయ్యాకే. అవతల 2జీ మీద ఉన్న ఫోన్ నింపాదిగా చదువుతుంటే అంతసేపూ డేటాబేస్ కనెక్షన్ ఊరికే బందీగా ఉంటుంది. పూల్ సైజు 10 అయితే, అలాంటి ఫోన్లు పది చాలు, మిగతా కేంద్రాలన్నీ ఆగిపోతాయి. చూసేవాళ్లు డేటాబేస్ నెమ్మదించిందని అనుకుంటారు, దాని మీద లోడ్ చూస్తే ఏమీ ఉండదు. బ్లాక్ లోపల డేటా తీసుకుని బయటికి రండి, ఆ తర్వాత జవాబు. పూల్ సైజు పెంచడం మందు కాదు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా మొత్తం ఇచ్చేదే 100 కనెక్షన్లు.

తెలుగు పేర్ల సంగతి. బైట్‌స్ట్రింగ్ చార్8లోని ప్యాక్ అనే ఫంక్షన్ బైట్లు చేసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ 8 బిట్లకు కత్తిరిస్తుంది. ఇంగ్లిష్‌కు తేడా పడదు, తెలుగు అక్షరాల కోడ్‌లు అంతకన్నా చాలా పెద్దవి కాబట్టి నాశనమవుతాయి. హెచ్చరిక ఏదీ రాదు. దీనికంటే దొంగది ఓవర్‌లోడెడ్ స్ట్రింగ్స్ (కోట్లలో రాసిన మాటను కావలసిన టైపుగా మార్చే సదుపాయం): కోడ్‌లో 'నమోదైంది' అని తెలుగులో రాసి దాన్ని బైట్‌స్ట్రింగ్‌గా వాడితే అదే కత్తిరింపు లోపల జరుగుతుంది. మీకు 'కొన్ని చోట్ల' మాత్రమే చెత్త రావడానికి కారణం ఇదే అయి ఉండాలి: డేటాబేస్ నుంచి టెక్స్ట్‌గా వచ్చిన పేర్లు బాగుంటాయి, కోడ్‌లో రాసిన సందేశాలు, ప్యాక్ మీదుగా పోయినవి చెడతాయి. తెలుగు ఎక్కడున్నా టెక్స్ట్‌గానే ఉంచి, అంచున ఎన్‌కోడ్ యూటీఎఫ్8తో బైట్లు చేయండి. లోపలికి వచ్చేవాటికి డీకోడ్ యూటీఎఫ్8 కాకుండా ఈథర్ (ఫలితం లేదా ఎర్రర్) ఇచ్చే దాని జోడీని వాడండి, మొదటిది చెడ్డ బైట్లకు ఎక్సెప్షన్ విసురుతుంది. కంటెంట్ లెంగ్త్ (బాడీ పొడవు చెప్పే హెడర్) మీరే వేస్తుంటే అది అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరం, గుణింతపు గుర్తు లాంటి యూనికోడ్ ముక్క) ఒక్కోటి 3 బైట్లు. 'నల్లగొండ'లో కోడ్ పాయింట్లు 8, బైట్లు 24. 8 అని పంపితే అవతల రెండు కోడ్ పాయింట్లు, మూడోదానిలో రెండు బైట్లు మాత్రమే చేరతాయి.

సర్వర్‌లో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) కింద నడిపినప్పుడు మాత్రమే తెలుగు లాగ్ దగ్గర ప్రోగ్రామ్ పడిపోతుంటే అది లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగ్) తంటా. సర్వీస్ ఫైల్‌లో ల్యాంగ్‌ను సీ.యూటీఎఫ్-8 చేయండి, లేదా మెయిన్ మొదటి లైన్‌లోనే సెట్ లొకేల్ ఎన్‌కోడింగ్ పిలవండి. పేరు కనబడుతున్నా వెతికితే దొరకకపోవడం వేరే జబ్బు. 'ై' గుర్తును కొన్ని కీబోర్డులు ఒకే కోడ్‌గా, కొన్ని రెండు కోడ్‌ల జతగా పంపుతాయి. ఇంటి పేరుకూ పేరుకూ మధ్య కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా వస్తుంటుంది. నమోదుకు ముందు, ఇలాంటి జతలను ఒకే కోడ్ చేసే ఎన్‌ఎఫ్‌సీకి మార్చండి. వెతుకులాటకు వేరే నిలువు వరుస పెట్టి అందులో ఆ కనబడని గుర్తులు తీసేయండి. అసలు పేరు మాత్రం రైతు ఇచ్చినట్టే ఉండాలి.

బాడీ చదవడంలో రెండు మాటలు. స్ట్రిక్ట్ రిక్వెస్ట్ బాడీకి హద్దు లేదు, ఎంత పంపితే అంతా మెమరీలోకి లాగుతుంది. కంటెంట్ లెంగ్త్ చూసి ఆపుదామంటే, ముక్కలుగా, అంటే చంక్డ్‌గా వచ్చే వాటికి ఆ హెడరే ఉండదు. వై ఎక్స్‌ట్రాలోని రిక్వెస్ట్ సైజ్ లిమిట్ మిడిల్‌వేర్ (హ్యాండ్లర్‌కు ముందు నడిచే పొర) వేయండి. దాని డిఫాల్ట్ 2 ఎంబీ, ఒక కాంటా జేసన్‌కు 16 కేబీ చాలు, దాటితే 413 (బాడీ మరీ పెద్దది అనే కోడ్) అదే ఇస్తుంది. రెండోది: బాడీ ఒక్కసారే చదవడానికి వస్తుంది. లాగింగ్ కోసం మీరు సొంతంగా రాసిన మిడిల్‌వేర్ ముందే చదివేస్తే హ్యాండ్లర్‌కు ఖాళీ బైట్లు మిగులుతాయి, ఏసన్ ఇన్‌పుట్ సరిపోలేదన్న అర్థంలో ఎర్రర్ ఇస్తుంది, మీరు ఫోన్ యాప్‌ను తిడతారు.

పరీక్షలు మధ్య ఫంక్షన్‌తో మొదలుపెట్టండి. తేమ 169, 170, 171. సంచులు 0, 1. కేంద్రం మూసే నిమిషానికి ఇటూ అటూ. వీటికి డేటాబేస్ అక్కర్లేదు. మొత్తం హ్యాండ్లర్‌ను నెట్‌వర్క్ వై టెస్ట్‌లోని రన్ సెషన్‌తో పోర్ట్ తెరవకుండానే నడపొచ్చు. ఒకే కీతో ఒకే కాంటాను 20 థ్రెడ్‌ల నుంచి ఒకేసారి పంపి వరుస ఒక్కటే ఉందా అని చూసే పరీక్ష మాత్రం నిజమైన పోస్ట్‌గ్రెస్ మీదే చేయాలి, నకిలీ డేటాబేస్ అక్కడ అబద్ధం చెప్తుంది.

కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు సిస్టమ్‌డీ సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) పంపుతుంది. హాస్కెల్ రన్‌టైమ్ దాన్ని పట్టుకోదు, ప్రోగ్రామ్ అక్కడికక్కడే పోతుంది, చేతిలో ఉన్న అభ్యర్థనలు కూడా. వార్ప్ సెట్టింగ్స్‌లో సెట్ ఇన్‌స్టాల్ షట్‌డౌన్ హ్యాండ్లర్‌తో సిగ్‌టర్మ్‌కు సాకెట్ మూసే పని తగిలించండి, సెట్ గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ టైమౌట్‌కు 20 సెకన్లు ఇవ్వండి. సిస్టమ్‌డీ డిఫాల్ట్‌గా 90 సెకన్లు ఓపిక పడుతుంది కాబట్టి ఆ లోపు అవి సర్దుకుంటాయి. డేటాబేస్ పూల్‌ను మాత్రం వార్ప్ రన్ ముగిసి తిరిగొచ్చాకే మూయండి. సాకెట్ మూసే చోటే దాన్నీ మూస్తే, చివర్లో మిగిలిన ఆ నాలుగు కాంటాలకు 503 పోతుంది.